కాలువలో దొంగ సాక్షులు

కరోనా వెళ్ళిపోయాక వచ్చిన రెండో వేసవిలో, కాలువలు కట్టేసిన వారంలోనే, నన్ను రామచంద్రపురానికి దిగువన ఉన్న ఒక సెక్షనుకు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా వేశారు. సెక్షను పేరు రాయను. రాస్తే ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న పిల్లలకి తలనొప్పి. మనుషుల పేర్లు కూడా మార్చాను. పదవులు మార్చడానికి మాత్రం మనసొప్పలేదు.

వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే పెద్ద ఉద్యోగం అనుకోకండి. ఇంజనీర్లలో పైనుంచి దిగితే ఈఈ, ఆయన కింద డీఈ, ఆయన కింద ఏఈ. ఆ ఏఈ చేతికింద నేను. నా చేతికింద లాకుల దగ్గర తలుపులెత్తే, గట్లు కాసే లస్కర్లు. నేనూ లస్కరుగానే చేరాను. చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గట్టు మీదే. టెండరు ప్రకటనలు చదివి ఇంగ్లీషు, పాత ఎస్టిమేట్లు చదివి లెక్కలు, పేపరు చదివి రాజకీయం నేర్చుకున్నాను. మొదటి రెండూ మర్చిపోయినా మర్చిపోవచ్చు గానీ, మూడోది ఎవరూ మర్చిపోనివ్వరు.

మా డెల్టాలో వేసవి వస్తే కాలువలకి నీళ్ళు కట్టేస్తారు. దాన్ని క్లోజరు అంటాం. ఏడాదంతా నీళ్ళ కింద ఉన్న కాలువ ఆ కొద్ది వారాలే ఎండుతుంది. పూడిక తీయాలన్నా, తూముకి సిమెంటు పుయ్యాలన్నా అప్పుడే. తొలకరికి మళ్ళీ నీళ్ళు వదిలేస్తారు. ఆపైన ఎవడు ఎంత తవ్వాడో గోదారమ్మకే తెలియాలి. ఆవిడ ఏ ఎంక్వయిరీకీ రాదు.

అందుకే మట్టిపనిలో ఒక పాత పద్ధతి ఉంది. తవ్వుకుంటూ పోతూ అక్కడక్కడ పాత నేలని ముట్టుకోకుండా చిన్న దిబ్బలుగా వదిలేస్తారు. చుట్టూ నేల దిగిపోతుంది, దిబ్బ నిలబడుతుంది. దిబ్బ నెత్తి పాత నేల, పాదం కొత్త నేల. ఆ రెండింటికీ మధ్య ఎత్తు కొలిస్తే ఎంత లోతు తవ్వారో తేలిపోతుంది. వీటిని సాక్షి దిబ్బలంటాం. పొట్టిగా సాక్షులు. కొలతలయ్యాక వాటినీ తవ్వేస్తారు. పొక్లెయిన్లూ లెవెల్ మిషన్లూ వచ్చాక ఈ పద్ధతి చాలాచోట్ల పోయింది. మా ఈఈ గారు మాత్రం పట్టుబట్టి ఉంచారు. మిషన్ రీడింగు ఇంట్లో కూర్చుని కూడా రాసేయొచ్చు, దిబ్బని ఇంట్లో కూర్చుని పుట్టించలేరు అనేవారాయన. పాపం, కాలువలో నిలబడి పుట్టించొచ్చని ఆయనకి తోచలేదు.

మా రీచిలో, అంటే మా కిందున్న కాలువ ముక్కలో, పూడికతీత కాంట్రాక్టు కాగితం మీద ఎవరిదో. ఊళ్ళో అందరికీ మాత్రం అది ఎమ్మెల్యే గారి బావమరిదిది. ఆయన్ని నేను చూసింది ఒక్కసారే, అదీ కారు అద్దంలోంచి. సైటు చూసుకునేది బుజ్జి అనే మనిషి. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, ఎవరు కనిపించినా వరస కలిపేయడం. నన్ను బాబాయ్ గారూ అనేవాడు. వాళ్ళ బాబాయి ఎవరో గానీ ఆయన మీద నాకు జాలేసేది.

మా ఏఈ హారిక గారు ఉద్యోగంలో చేరి ఏడాదైనా కాలేదు, ప్రొబేషన్‌లో ఉంది. ప్రొబేషన్ ఉద్యోగం పచ్చికుండ లాంటిది, ఎవడు వేలు పెట్టినా సొట్టపోతుంది. ఆ సంగతి ఆ అమ్మాయికి తెలుసు. నలుగురిలో నేను మేడమ్ గారూ అనేవాణ్ణి, ఎవరూ లేనప్పుడు అమ్మా అనేవాణ్ణి. ఆ అమ్మాయి నన్ను ఎప్పుడూ సూర్రావు గారూ అనే పిలిచేది.

పని అయిపోయిందని బుజ్జి చెప్పిన రోజు ఇద్దరం కాలువలోకి దిగాం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. గుర్రపుడెక్క లేదు, అడుగు చదునుగా ఉంది, నడిమధ్య వరసగా సాక్షులు, నెత్తి మీద ఎండిన నాచుతో సహా. హారిక గారు ఒక దిబ్బ చుట్టూ తిరిగి, వంగి చూసి, "సూర్రావు గారూ, దీనికి పొరలు లేవేంటండీ?" అంది.

కోసి మిగిల్చిన దిబ్బకి పక్కన పొరలు కనిపించాలి. పైన ఒండ్రు, దాని కింద ఇసక జీర, ఆ కింద నల్లమట్టి. ఇది అంతా ఒకటే బురద ముద్ద. ఎండకి పైన నెర్రెలు కొట్టింది. నాకూ అదే కనిపించింది. నాకే ఏంటి, లస్కర్లందరికీ కనిపించింది. పొక్లెయిన్ డ్రైవరుకి చూడాల్సిన అవసరమే లేదు, ఆ దిబ్బలు పోసింది అతనే. వాళ్ళు చేసిందల్లా ఇది. పైనున్న గుర్రపుడెక్క లాగేసి, అడుగు చదును చేసి, ఆ బురదనే తెచ్చి దిబ్బలు పోసి, నాచు అతికించారు. నేల దించడం మానేసి సాక్షుల్ని లేపారు. డబ్బు తీసుకుని దొంగ సాక్ష్యం చెప్పే మనుషుల్ని కోర్టు గుమ్మంలో చాలామందిని చూశాను. దొంగ సాక్ష్యం చెప్పే మట్టిని చూడ్డం అదే మొదలు.

ఇందులో నష్టపోయేది శివారు. కాలువ అడుగు దిగకపోతే నీరు చివరిదాకా పోదు. పై ఊళ్ళ చేలు తడుస్తాయి, శివారు వాళ్ళు నారుమళ్ళు పట్టుకుని ఆకాశం కేసి చూస్తారు. సముద్రం వైపు ఊళ్ళు అవి. కాలువ నీరు తగ్గితే ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఒకసారి ఉప్పెక్కిన చేను మళ్ళీ దారికి రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నేను చూశాను.

కొలతల మీద ఏఈ సంతకం పడితే గానీ బిల్లు కదలదు. హారిక గారు సంతకం పెట్టలేదు. క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు వచ్చి దిబ్బని నిలువునా కోసి చూసి చెప్పాలని పైకి రాసింది. క్వాలిటీ కంట్రోల్ వేరే విభాగం, మా పైవాళ్ళ మాట వినక్కర్లేదు. అందుకే మా వాళ్ళకి వాళ్ళంటే బెదురు. వచ్చే వారం వస్తామని వాళ్ళ దగ్గర్నించి కబురొచ్చింది.

ఆ మర్నాడే బుజ్జి ఒక పెట్టె పట్టుకొచ్చాడు.

"ఆత్రేయపురం పూతరేకులు మేడమ్. అసలు సరుకండి. నోట్లో పెట్టుకుంటే కరిగిపోతాయండి."

"మీ దిబ్బల్లాగా అన్నమాట," అంది హారిక గారు.

బుజ్జి నవ్వాడు. నవ్వుతూనే పెట్టె బల్ల మీద పెట్టాడు. "మీకా దిబ్బలు కొలిచే శ్రమ కూడా ఉండదు లెండి మేడమ్. నీళ్ళు ముందే వచ్చేస్తాయంట," అని చెప్పి వెళ్ళిపోయాడు. పెట్టె లస్కర్లు వెనక్కి ఇచ్చి వచ్చారు. తెరిచే ఇచ్చారని తర్వాత తెలిసింది.

అతనన్నట్టే అయింది. శివారు గ్రామాల్లో మంచినీటి ఎద్దడి తీర్చడానికి నీళ్ళు ముందుగానే వదిలిస్తున్నట్టు ఎమ్మెల్యే గారు ప్రకటించారు. ఎగువ లాకుల దగ్గర గోదారమ్మకి చీర, పసుపు కుంకుమ సమర్పించి స్వయంగా తలుపులెత్తుతారట. అందులో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. శివారులో మంచినీళ్ళ చెరువులు నిజంగానే అడుగంటాయి. జనం నిజంగానే బిందెలు పట్టుకుని తిరుగుతున్నారు. మనుషుల దాహాన్ని తెచ్చి దొంగతనానికి గొడుగు పట్టారు. ఇన్నేళ్ళలో ఎంతోమంది నాయకుల్ని చూశాను. లేని కష్టం చెప్పి తిన్నవాళ్ళు పాతకాలం వాళ్ళు. ఉన్న కష్టాన్నే అడ్డం పెట్టుకుని తినడం ఈ కాలం విద్య.

నీళ్ళు వస్తే బురద దిబ్బ పూటలో కరుగుతుంది. కాలువ అడుగు మళ్ళీ వేసవి దాకా కనపడదు. అప్పుడు అడిగితే, తీశామండీ, మళ్ళీ పూడింది అంటారు. కాదనే సాక్షి ఉండదు.

మా డీఈ గారు చెడ్డమనిషి కాదు. మంచితనానికి కూడా పై అనుమతి కోసం చూసే రకం. హారిక గారికి ఫోన్ చేసి, మంచినీళ్ళకి అడ్డుపడ్డావని ఒక్క ముక్క రాస్తే ప్రొబేషన్‌లోనే ఇంటికి పోతావమ్మా, సంతకం పెట్టెయ్, నీ కింద నేనూ పెడతాను గదా అన్నారు. ఆ అమ్మాయి చూస్తానండీ అని ఫోన్ పెట్టేసింది. ఇంట్లో ఆ జీతం మీద ఆధారపడినవాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. నేనేమీ చెప్పలేదు. అలాంటప్పుడు ధైర్యం చెప్పడం తేలిక, పోయేది మనది కాదు గనక.

తర్వాత డీఈ గారు నాకు చేశారు. మా రీచికి ఎగువన అడ్డుకట్ట ఉంది. క్లోజరులో పనులకి నీరు చొరకుండా వేసే మట్టికట్ట అది. దాన్ని తెంపించడం నా డ్యూటీ. అది తెగకుండా పైన తలుపులెత్తితే నీళ్ళు ఎగువ గట్లు పొర్లి ఊళ్ళ మీద పడతాయి. కాబట్టి ముందు కట్ట తెగాలి.

"పొద్దున్నే కట్ట తీయించెయ్ సూర్రావ్."

"ఆర్డరు రాసిస్తారాండీ?"

"ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడైనా రాసిచ్చామేంటయ్యా?"

"లేదండి. ఎప్పుడూ అడగలేదండి. ఇప్పుడు అడుగుతున్నానండి."

ఆయన ఫోన్ పెట్టేశారు. రాసిస్తే రేపు ఆయన పేరు మీదికి వస్తుంది. రాయరని నాకు తెలుసు. నోటిమాట మీద బోలెడు పనులు జరిగే దేశంలో, నోటిమాట చాలదన్న ఒక్క ముక్కే కిందివాడి చేతిలో ఉన్న ఆయుధం.

నీళ్ళు వదిలే రోజు పొద్దున్నకి ఆర్డరు రాలేదు, నేను కట్ట తీయించలేదు. ఎగువ లాకుల దగ్గర షామియానా వేశారు, మైకులో పాటలు పెట్టారు. మా రీచి దగ్గరికి బుజ్జి ముందుగా పొక్లెయిన్ తెచ్చాడు. కట్ట సంగతి తర్వాత, ముందు దిబ్బలు చదును చేయించేద్దామని అతని ఆలోచన. హారిక గారు పరుగున కాలువలోకి దిగి మొదటి దిబ్బకి ఆనుకుని నిలబడింది. డ్రైవరు బకెట్ పైకెత్తి అలాగే ఆపేశాడు. గట్టు మీంచి బుజ్జి "దించరా" అని అరుస్తున్నాడు. డ్రైవరు "మేడమ్ ఉన్నారండీ" అంటున్నాడు. ఇద్దరూ అవే మాటలు పదేపదే అన్నారు. ఇనప బకెట్ ఆ అమ్మాయి నెత్తి మీద వేలాడుతోంది. నేను దిగి పక్కన నిలబడ్డాను.

ఇంతలో ట్రాక్టర్లు వచ్చాయి. బుజ్జి రాత్రే శివారుకి కబురు పెట్టాడట, మీ నీళ్ళు ఒక అమ్మాయి ఆపేస్తోందని. ఖాళీ బిందెలతో ఆడా మగా గట్టంతా నిండిపోయారు. వాళ్ళ ముందు సర్పంచి సువార్తమ్మ గారు. కూలి ముఠాకి మేస్త్రిగా ఊడ్పులూ కోతలూ చేయించిన మనిషి. రిజర్వేషన్లో గెలిచాక పంచాయతీ స్టాంపు మొగుడి చేతికివ్వని కొద్దిమందిలో ఆవిడొకరు. ఆదివారం చర్చిలో ఎంత మెల్లగా పాడుతుందో తెలీదు గానీ, ఆ వేళ గట్టు మీద ఆవిడకి మైకు అక్కర్లేకపోయింది.

"ఏమ్మా ఇంజనీరమ్మా! నువ్వేనా మా నీళ్ళు ఆపింది? మీరు సీసాలు కొనుక్కుని తాగుతారు. మా పిల్లలేం తాగాలి, ఈ బురద పిసుక్కుని తాగాలా?"

"ఆపట్లేదండీ, ఈ దిబ్బ కోసి చూసేదాకా ఆగమంటున్నాను. ఇప్పుడొదిలితే మీ బిందెలు నిండుతాయి గానీ ఊడ్పులకి నీరెక్కదు."

"ఊడ్పులు తర్వాత సంగతి తల్లీ. బతికుంటే గదా ఊడ్చేది!"

గట్టు మీద జనం ఔనౌనన్నారు. "అలా అడగండి సర్పంచి గారూ!" అన్నాడు బుజ్జి.

"నువ్వుండవయ్యా, మధ్యలో నిన్నెవరడిగారు?" అంటూ ఆవిడ బిందె చంకన పెట్టుకుని కాలువలోకి దిగిపోయింది. మా ముందుకొచ్చింది. గట్టు మీదున్న తనవాళ్ళకి కనపడాలి, మాట వినపడాలి. పక్కనే రెండో దిబ్బ ఉంది. దాని మీదికి ఎక్కింది.

ఎక్కడమే తడవు, మోకాలి దాకా దిగబడిపోయింది.

పక్కకి పడబోయి నా భుజం పట్టుకుంది. బిందె దొర్లుకుంటూ పోయి పొక్లెయిన్ చైనుకి కొట్టుకుని ఖంగుమంది. గట్టు మీద నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. కాలు లాక్కుని, కాలికంటిన జారుడు బురదని, దిబ్బలో పడ్డ కన్నాన్ని మార్చి మార్చి చూసింది.

"దీన్నేంటంటారండీ మీరు?"

"సాక్షి దిబ్బ అంటామమ్మా."

"నిలబడితే నిలవని సాక్షేంటండీ బాబూ! మా ఊళ్ళో తాగొచ్చి సాక్ష్యం చెప్పేవాడు ఇంతకంటే గట్టిగా నిలబడతాడు."

అప్పుడు హారిక గారు చెప్పింది. ఇది తవ్వకుండా వదిలేసిన పాత నేల అయితే ఎద్దు ఎక్కినా చెక్కు చెదరదని, ఇది తెచ్చి పోసిన బురదని. సువార్తమ్మ గారు కాలువ అడుగుని ఆ చివర్నించి ఈ చివరికి చూసింది. "అయితే తవ్వలేదన్నమాట," అంది. ఆ మాట మెల్లగానే అంది గానీ గట్టు దాకా పాకింది.

ఇక జనం ఆగలేదు. వరదలా దిగిపడి, కనిపించిన దిబ్బనల్లా తన్నడం మొదలుపెట్టారు. కోపం న్యాయమైనదే, కానీ కాళ్ళ కింద పోతున్నది రుజువు. హారిక గారు "తొక్కకండి, ఒక్కటైనా మిగల్చండి" అని గొంతు చించుకుంటోంది. ఎవరికీ వినపడ్డం లేదు. నేను ఇద్దరు ముగ్గుర్ని చేతులు పట్టి లాగాను, నన్నే తోసేశారు. ఒకటి పోయింది, ఇంకోటి పోయింది. నీళ్ళు చేయాల్సిన పని మోసపోయినవాళ్ళే చేసిపెడుతున్నారు.

బుజ్జి ఆ సంగతి అందరికంటే ముందు కనిపెట్టాడు. మొహం విప్పారింది. గట్టు మీంచి చప్పట్లు కొడుతూ, "తొక్కండి తొక్కండి! మనకెందుకీ దరిద్రపు దిబ్బలు, చదును చేసేయండి!" అని మొదలెట్టాడు.

సువార్తమ్మ గారు తలెత్తి అతని కేసి చూసింది.

"ఆగండ్రా!" అని ఒక్క కేక పెట్టింది. "వాడు నవ్వుతున్నాడంటే మనమేదో తప్పు చేస్తన్నాం. ఆగండి!"

ఆగారు. అప్పటికి మొదటి దిబ్బ ఒక్కటే మిగిలింది, హారిక గారు ఆనుకుని నిలబడ్డది. సువార్తమ్మ గారు తన బిందె తెచ్చి దాని పాదం దగ్గర బోర్లించింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బిందెలు బోర్లించారు. స్టీలువీ, ప్లాస్టిక్‌వీ కలిసి దిబ్బ చుట్టూ దడి కట్టినట్టయింది. నీళ్ళ కోసం వచ్చినవాళ్ళు కాలువలోనే బైఠాయించారు. పొక్లెయిన్ డ్రైవరు ఇంజను ఆపేసి, బుజ్జికి చెప్పకుండానే టీకి వెళ్ళిపోయాడు.

లాకుల దగ్గర ఎమ్మెల్యే గారు పళ్ళెంలో చీర పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. డీఈ గారు చెమటలు కక్కుకుంటూ వచ్చి, సార్ వెయిటింగమ్మా, ముహూర్తం దాటిపోతోంది అన్నారు. సువార్తమ్మ గారు కూర్చున్నచోట నుంచే జవాబు చెప్పింది.

"గోదారమ్మకి చీరలకేం కొదవండీ. ఇది కోసి చూశాక కట్టమనండి. ఈలోగా మా ఊరికి ట్యాంకర్లు పంపమనండి. పంపకపోతే బిందెలతో మేమే షామియానాలోకి వస్తామని చెప్పండి."

వేసవంతా అడిగినా దొరకని ట్యాంకర్లు ఆ మధ్యాహ్నానికే శివారు చేరాయి. ఎక్కడినించి వచ్చాయో నాకు ఇప్పటికీ తెలీదు.

క్వాలిటీ కంట్రోల్ వాళ్ళు మర్నాడు వచ్చారు, వచ్చే వారం దాకా ఆగలేదు. అప్పటికే బిందెల దడి ఊరూరా ఫోన్లలో తిరుగుతోంది. వాళ్ళ ఇంజనీరు గారు మాటలు తక్కువ మనిషి. దిబ్బని నిలువునా కోయించారు. పొరలు లేవు. లోపల బురద జారకుండా ఉండడానికి ఏదో గుడ్డలాంటిది కుక్కి ఉంది. పారతో లాగితే వచ్చింది ఫ్లెక్సీ ముక్క. కడిగి చూస్తే ఒక చెవి, సగం కళ్ళజోడు, 'జన్మదిన' అన్న అక్షరాలు. ఎమ్మెల్యే గారి పుట్టినరోజు జరిగింది ఆ వేసవిలోనే, పని మొదలయ్యాక. తరాల నాటి నేల కడుపులో ఆ ఏటి పుట్టినరోజు ఉండడానికి వీల్లేదు. ఇంజనీరు గారు ఇదెవరిదని అడిగారు. డీఈ గారు గుర్తుపట్టలేకపోయారు. బుజ్జి గుర్తుపట్టలేకపోయాడు. సువార్తమ్మ గారు ముందుకొచ్చి ఆ ముక్కకి చేతులెత్తి దణ్ణం పెట్టి, "పుట్టినరోజు శుభాకాంక్షలండి" అంది.

తర్వాత జరిగింది చెప్తాను, అంతా సుఖాంతమనుకోవద్దు. ఆ రీచి బిల్లు ఆగింది. వేసవంతా తవ్వలేని మిషన్లు నాలుగైదు కలిసి వచ్చి, తొలకరి ముందు గబగబా తవ్వాయి. ఈసారి సాక్షులు నిజమైనవే, నేను ఒక్కొక్కదాని మీదా ఎక్కి చూశాను. ఆ ఏడు శివారుకి ఊడ్పుల నీరు ఆలస్యంగా అయినా వెళ్ళింది. "వచ్చాయండీ సూర్రావు గారూ, కొత్తనీళ్ళు, ఎర్రగానే వచ్చాయండీ" అని సువార్తమ్మ గారు ఫోన్ చేసింది. అవినీతిని సహించేది లేదని, ఎంక్వయిరీ వేయించింది తానేనని ఎమ్మెల్యే గారు టీవీలో చెప్పారు. బావమరిది గారు మరుసటేడు ఇంకో పేరుతో ఇంకో కాలువలో తేలారు. హారిక గారిని మెట్ట ప్రాంతానికి బదిలీ చేశారు, కాలువ కనపడని చోటికి. ఉద్యోగం మాత్రం పోలేదు, ప్రొబేషన్ పూర్తయింది. డీఈ గారికి ప్రమోషన్ వచ్చింది. ఆయన వరస వచ్చింది, అంతే.

నాకు మెమో వచ్చింది, పై అధికారి మౌఖిక ఆదేశం పాటించనందుకు సంజాయిషీ ఇవ్వమని. కట్ట తెంపమని ఒక ముక్క రాయడానికి దొరకని కాగితం, నన్ను నిలదీయడానికి దొరికింది. ఆ మాటే జవాబుగా రాశాను. మళ్ళీ ఎవరూ అడగలేదు.

ఈ వృత్తి నాకు నేర్పింది కొంచెమే. సాక్షిని తవ్వి మిగల్చాలి, తెచ్చి పోయకూడదు. పోసిన సాక్షి కూడా దూరం నుంచి అచ్చు అలాగే ఉంటుంది. పైగా ఇంకాస్త నున్నగా ఉంటుంది. గట్టు మీద నిలబడి చూసి తృప్తిపడేవాళ్ళు ఉన్నంతకాలం పోస్తూనే ఉంటారు. మీ ఊరి కాలువలో పూడిక తీశామని ఎవరైనా చెబితే, నీళ్ళు వదలకముందే దిగండి. దిబ్బ ఎక్కి నిలబడండి. కాలు దిగబడితే తన్నకండి. చుట్టూ బిందెలు పెట్టండి.